ఎగిరే నేల మీద బతుకమ్మ

మా కాలనీ మహిళా మండలి సెక్రటరీ మేడమ్‌కు ఒక జబ్బు ఉంది. ఫోన్లో ఏదైనా వీడియో చూసిందంటే అది మా అందరి చేతా చేయించేదాకా ఆమెకు నిద్ర పట్టదు. మేడ మీద పుట్టగొడుగుల పెంపకం అలాగే వచ్చింది. మారేడ్‌పల్లి పార్కులో పొద్దున్నే అందరం చేతులెత్తి పకపకా నవ్వే కార్యక్రమం కూడా అలాగే వచ్చి, చుట్టుపక్కల బిల్డింగులవాళ్లు గొడవ పెట్టుకుంటే పోయింది. కాబట్టి ఒక మధ్యాహ్నం మండలి గ్రూపులో ఆమె కొత్త వీడియో పెట్టగానే నా గుండెల్లో రాయి పడింది. ఎవరో ఆడా మగా ఒక చెక్క నేల మీద గుండ్రంగా నిలబడి మోకాళ్లు వంచి లేస్తుంటే, ఆ నేల కూడా వాళ్లతోపాటు కిందికీ మీదికీ ఊగుతోంది. మధ్యలో ఒకాయన ఉన్నట్టుండి పైకి లేచి, దూలానికి వేలాడుతున్న దేన్నో తెంపుకుని దిగాడు. వీడియో కింద మేడమ్ రాసింది: మనం ఇక్కడికి పోతున్నాం, మన బతుకమ్మ చూపిస్తున్నాం.

ఆ ఊరి పేరు తెనోమ్. మలేషియాకు చెందిన సబా రాష్ట్రంలో, బోర్నియో దీవి మీద, కొండల మధ్య ఉన్న చిన్న పట్నం. ఆ చుట్టుపక్కల కొండల్లో ఉండే ఆదివాసులను మురుత్‌లంటారు. ఎలాగూ మా మండలి కౌలాలంపూర్ టూరు పెట్టుకుంది కదా, దానికి ఇంకో నాలుగు రోజులు కలిపితే ఈ ఊరు కూడా చూసి రావచ్చని మల్కాజ్‌గిరి ట్రావెల్స్ అతను మేడమ్ చెవిలో ఊదాడు. అక్కడ ఊరందరికీ ఉమ్మడిగా ఒక పెద్ద ఇల్లు ఉందట, వచ్చిన అతిథులు తమ ఆట కూడా ఆడి చూపిస్తే ఆ ఊరివాళ్లకు సంతోషమట. మాలో ఒకావిడ ఇంకొంచెం వెతికి, మురుత్‌లు పూర్వం శత్రువుల తలలు నరికి తెచ్చి ఇంట్లో వేలాడదీసేవాళ్లని గ్రూపులో పెట్టింది. దాంతో పేర్లిచ్చినవాళ్లలో సగం మందికి అప్పటికప్పుడు ఇళ్లల్లో పనులు గుర్తొచ్చాయి. మా ఆయన అది చదివి, "మీ మేడమ్‌ను మాత్రం తప్పకుంట తీస్కపోండి" అన్నాడు.

నాకు కొండలూ వద్దు, తలలూ వద్దు. నేను పేరిచ్చింది మా అత్తమ్మ కోసం.

అత్తమ్మ బతుకమ్మ పాట చెప్పే మనిషి. వలయంగా తిరిగే ఆడవాళ్లలో ఒకరు ముందు చరణం చెప్పాలి, మిగతావాళ్లు "ఉయ్యాలో" అని అందుకోవాలి. ఆ చెప్పేవాళ్లు తడబడితే వలయం మొత్తం తడబడుతుంది. మా కాలనీ పుట్టిన దగ్గర్నుంచి ఆ పని మా అత్తమ్మదే. పండగ తొమ్మిది రోజులే కానీ ఆమె పాటకు తిథులు లేవు. బియ్యం కడిగితే పాట, పప్పు రుబ్బితే పాట. నేను కాపురానికి వచ్చిన కొత్తలో నన్ను తిట్టడం కూడా రాగం తీసే తిట్టేది, ఎక్కడ తిట్టు అయిపోయి ఎక్కడ పాట మొదలైందో తెలిసేది కాదు. అప్పట్లో నాకు తలనొప్పిగా ఉండేది, దాచుకోవాల్సిన పని లేదు.

తర్వాత కాలనీలోకి డీజే వచ్చింది. మనిషెత్తు బాక్సులు, లోపల ఎవరో పాడిన పాట, దాని కింద దడదడమని దరువు. మొదటి ఏడాది మేడమ్ ఎంతో ప్రేమగా అత్తమ్మ చెయ్యి పట్టుకుని, "ఆంటీ, మీ గొంతుకు ఎందుకు తక్లీఫ్, మీరు హాయిగ కూసోని చూడుండ్రి" అని ముందు వరసలో కుర్చీ వేయించి, భుజాల మీద శాలువా కప్పింది. బతికున్న మనిషికి శాలువా కప్పితే ఆ మనిషి పని అయిపోయినట్టు లెక్క. ఆ పండగంతా అత్తమ్మ కూర్చునే చూసింది, ఆ తర్వాతి పండగలు కూడా కూర్చునే చూసింది. మొదట గ్రౌండులో ఆగిన పాట మెల్లగా మా వంటింట్లో కూడా ఆగిపోయింది. బియ్యం ఊరికే కడిగేది. నన్ను తిట్టడం కూడా వట్టి మాటల్లోకి దిగింది. ఇంట్లో కుక్కర్ విజిల్ తప్ప ఇంకో సంగీతం లేకుండా అయ్యాక, నాకు అంతకుముందు ఉన్న తలనొప్పే నయమనిపించింది. డాక్టరుకు చూపిస్తే గొంతు బ్రహ్మాండంగా ఉందన్నాడు. ఆమెకు పోయింది గొంతు కాదని నాకు ముందే తెలుసు. తన పాటతో ఎవరికీ పని లేదని ఆమెకు నమ్మకం కుదిరిపోయింది. దాన్ని ఎలాగైనా కదిలించాలని నా పంతం, అది తప్ప ఈ ప్రయాణంలో నాకింకో స్వార్థం లేదు.

"పాడుమంటె రాను, చూడుమంటె వస్త" అంది అత్తమ్మ. మళ్లీ తనే, "అయినా ఇది పండుగ నెలనా? కాలం గాని కాలంల గౌరమ్మను లేపుతరా? ఆమెకు సుత జెర రెస్టు ఉండాలె గద" అంది.

పూల సంగతి మేడమ్ ముందే ఆలోచించింది. ఆ దేశంలో తంగేడు, గునుగు దొరకవు కాబట్టి మోండా మార్కెట్‌లో ప్లాస్టిక్ పూలు కొని, మోకాలెత్తు బతుకమ్మను జిగురుతో అంటించి, సూట్‌కేసులో పెట్టి తెచ్చింది. శంషాబాద్‌లో స్కానింగ్ మిషన్ దగ్గర దాన్ని బయటికి తీయించి, ఇదేంటని అడిగాడు ఆఫీసరు. "దేవత" అంది మేడమ్. ఆయన దాన్ని నాలుగు వైపులా తిప్పి చూసి, గట్టిగా తట్టి చూసి, దేవతకు దండం పెట్టకుండానే వెనక్కి ఇచ్చేశాడు. అత్తమ్మ నా పక్కన నిలబడి, "ప్లాస్టిక్ గౌరమ్మకు ప్లాస్టిక్ పుణ్యమే వస్తది" అని గొణిగింది. పాట పోయినా మాట పోలేదని నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

తెనోమ్‌కు వెళ్లే రైలు గురించి చెప్పకపోతే మా మామయ్య నన్ను క్షమించడు, ఆయన లాలాగూడ రైల్వే వర్క్‌షాప్‌లో రిటైరైన మనిషి. బోర్నియో అంతటికీ రైలు ఆ ఒక్క దారిలోనే ఉందట. చిన్న పెట్టెలు, ఒకటే పట్టా, పక్కనే మట్టిరంగు నది రాళ్లను కొట్టుకుంటూ పోతుంటుంది. కొండ ఒక వైపు నుంచి కిటికీలోకి కొమ్మలు తోస్తుంటుంది. మావాళ్లు సకినాల డబ్బా తెరిచారు, ఆకులు కూడా వచ్చి డబ్బాలో పడ్డాయి. ఎదురుగా కూర్చున్న ఆ ఊరి ఆడవాళ్లకు సకినాలు పెడితే, వాళ్లు అటూ ఇటూ తిప్పి చూసి, చెవికి పెట్టుకునేదా తినేదా అన్నట్టు సైగ చేశారు. మేము కొరికి చూపించాం. వాళ్లు కూడా కొరికారు, ఆ తర్వాత తెనోమ్ వచ్చేదాకా డబ్బా వాళ్ల ఒళ్లోనే ఉంది.

మమ్మల్ని స్టేషన్లో కలిసి తీసుకెళ్లింది ఒక మురుత్ టీచరమ్మ. ముప్పై దాటిన మనిషి, చక్కటి ఇంగ్లీషు, గలగలా నవ్వు. దిగీ దిగగానే మేడమ్ ఉండబట్టలేక అడిగేసింది, తలలు ఇంకా ఏమైనా ఉన్నాయా అని. టీచరమ్మకు ఈ ప్రశ్న కొత్త కాదని ముఖం చూస్తేనే తెలిసింది. "అవి మా ముత్తాతలతోనే పోయాయండి. ఇప్పుడు సెల్ఫీలే తీసుకుంటాం, తల మీ దగ్గరే ఉంటుంది" అంది. తమవాళ్లలో చాలామంది ఇప్పుడు ఆదివారం చర్చికి వెళతారనీ, పట్నంలో ఉద్యోగాలు చేస్తారనీ, మామూలు ఇళ్లలోనే ఉంటారనీ, ఈ పొడుగాటి ఉమ్మడి ఇల్లు మాత్రం పండగలకూ చుట్టాలకూ ఉంచుకున్నామనీ చెప్పింది. ఆ లెక్కన మేం చుట్టాలమయ్యాం.

చెప్పులు బయట విడిచి ఆ ఇంట్లోకి ఎక్కితే, హాలు నడుమ ఉంది ఆ నేల. లన్సరన్ అంటారు. మామూలు నేలకు కొంచెం దిగువగా, పెద్ద గది అంత వెడల్పున, పలకలు పరిచి ఉంది. మేడమ్ వంగి కిందికి చూసి, స్ప్రింగులు ఏ కంపెనీవని అడిగింది. స్ప్రింగులు లేవు, ఇనుము అసలే లేదు. కింద ఒకదానికి అడ్డంగా ఒకటి వేసిన పొడుగాటి వాసాలు, వంగి మళ్లీ లేచే రకం కర్ర. పైన దూలానికి ఒక పూసల దండ వేలాడదీశారు. పూర్వం అక్కడ ఏం వేలాడేదో ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు కూడా.

ఆటకు ముందు మర్యాదలు. కర్రపెండలంతో పులియబెట్టిన తాపాయ్ అనే కల్లును జాడీలో పెట్టి, పొడుగాటి సన్నని గొట్టాలు దింపారు. జాడీ మూతికి అడ్డంగా ఒక పుల్ల, ఆ పుల్లకు కిందికి ఒక మొన. మొన బయటపడేదాకా తాగాలి, అప్పుడు మళ్లీ నీళ్లు పోసి తర్వాతి మనిషిని కూర్చోబెడతారు. మావాళ్లంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కాలనీలో అందరూ చాయ్ తప్ప ఎరగని ఇల్లాళ్లే, కానీ పుట్టింట్లో ఈత చెట్టు ఎరగని వాళ్లు మాత్రం ఒక్కరూ లేరు. ఎవరు ముందు ఎరగనట్టు నటించడం మానేస్తారా అని చూస్తుండగా అత్తమ్మ ముందుకొచ్చి జాడీ ముందు కూర్చుంది. వేలు ముంచి, నాలుగు చుక్కలు నేల మీద చల్లి, కళ్లకద్దుకుంది. టీచరమ్మ ఇదేంటని అడిగింది.

"మైసమ్మకు పెట్టకుంట మనం తాగుతమా?" అంది అత్తమ్మ.

జాడీ అవతలి పక్కన ఆ ఇంటి పెద్దావిడ కూర్చుని ఉంది. ఆమెకూ అత్తమ్మకూ ఒకటే వయసు ఉండొచ్చు. నల్లగుడ్డ మీద ఎర్రటి పసుపుపచ్చటి పూసలు కుట్టిన రవిక తొడుక్కుని, అత్తమ్మనే చూస్తోంది. చుక్కలు చల్లడం చూసి తల ఊపి, తన చాపలో కొంచెం పక్కకు జరిగి, పక్కన చోటు తట్టి చూపింది. అత్తమ్మ వెళ్లి అక్కడ కూర్చుంది. ఆ తర్వాత ఆ ఇద్దరూ ఎవరి భాషలో వాళ్లు మాట్లాడుకున్నారు, ఇద్దరిలో ఎవరికీ ఇబ్బంది కలిగినట్టు కనిపించలేదు.

వాళ్ల ఆట మొదలైంది. పెద్దావిడే లేచి నేల మీదికి దిగి పాట ఎత్తుకుంది. సన్నాయి లేదు, డోలు లేదు, వట్టి గొంతు. మిగతావాళ్లు చేతులు పట్టుకుని గుండ్రంగా నిలబడి, ఆమె మాటకు అందుకుంటూ మోకాళ్లు వంచారు. కాసేపు నేల ఊరుకుంది. తర్వాత కదిలింది. ఆ తర్వాత కింద పలకలు గుభీమని పలకడం మొదలుపెట్టాయి, ఆ చప్పుడు అరికాళ్లలోంచి ఎక్కి దవడలో తగిలింది. ఒక కుర్రాడు మధ్యకొచ్చి లేచాడు, దండ అందలేదు. రెండోసారి అందింది. మావాళ్లు చప్పట్లు కొట్టారు. అత్తమ్మ మాత్రం ఆ కుర్రాణ్ణి చూడలేదు, పాడే మనిషిని చూస్తూ ఉంది. పాట అయిపోయాక నాతో, "ఆమె కండ్లు కిందికే ఉన్నయ్, చూసినవా? నేలను చూస్కుంట చెప్తాంది" అంది.

ఇక మా వంతు. మేడమ్ ప్లాస్టిక్ బతుకమ్మను నేల నడిమధ్య పెట్టింది. బ్యాగులోంచి బ్లూటూత్ బాక్స్ తీసింది, చిన్నదే కానీ దాని నోరు పెద్దది. పట్టుచీరల్లో అందరం చుట్టూ నిలబడ్డాం. అత్తమ్మ పెద్దావిడ పక్కన చాప మీదే కూర్చుని ఉంది. మాలో ఒక్కరూ బియ్యం బస్తా కన్నా తేలికైన మనిషి కాదని, ఆ నేల మా కింద నిట్టూర్చినట్టు దిగడంతోనే తెలిసిపోయింది.

"షురూ" అంది మేడమ్.

బాక్స్ దడదడమంది. మేము వంగి చప్పట్లు కొట్టి ఒక అడుగు వేశాం. కాలనీ గ్రౌండులో నేల మన మాట వింటుంది, అడుగు వేసినచోట ఉంటుంది. ఇక్కడ వేసిన అడుగు కింద నేల లేదు, అది అప్పటికే కిందికి వెళ్లిపోయింది. రెండో అడుగుకు ఎదురొచ్చింది. నేను అటు వంగాల్సింది ఇటు వంగి, పక్కావిడ వీపుకు తల కొట్టుకున్నాను. పాట దాని తొందరలో అది పోతోంది, నేల దాని నిదానంలో అది లేస్తోంది, రెండింటి మధ్యా మేము జొన్నలు చెరిగినట్టు అటూ ఇటూ పడుతున్నాం. బతుకమ్మ గాల్లోకి ఒకసారి లేచింది, రెండోసారి లేచి పక్కకు వాలింది, మూడోసారి దొర్లుకుంటూ వెళ్లి గోడ దగ్గర కూర్చున్న ఒక తాతగారి ఒళ్లో చేరింది. ఆయన దాన్ని చాలా గౌరవంగా పట్టుకున్నాడు. మేడమ్ దాని వెనకే పరిగెత్తబోయి, నేల లేచే సమయానికి కాలు పెట్టి, ఉన్నదానికి జానెడు పైకి లేచి, కూలబడింది. ఆ అదురుకు మేము కూడా ఒకరి తర్వాత ఒకరం కూర్చున్నాం. బాక్స్ ఒక్కటే నిలబడి పాడుతోంది.

ఆ ఇంటివాళ్లు ఎవరూ నవ్వలేదు. అంత మర్యాద నేనెక్కడా చూడలేదు, పళ్లు బిగించుకుని కప్పు వైపు చూస్తూ నిలబడ్డారు.

"ఈ ఫ్లోరే బాగ లేదు. మనం బయట గ్రౌండుల పెట్టుకుందాం" అంది మేడమ్, మోకాలు పట్టుకుని. ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత నా నాలుక చివరిదాకా వచ్చింది, నేనూ కిందపడి ఉన్నాను కాబట్టి మింగేశాను.

నేను డేకుతూ చాప దాకా వెళ్లాను. "అత్తమ్మా, ఒక్క పాట చెప్పుండ్రి. మీరు చెప్తెనే ఇది నడుస్తది" అన్నాను.

ఆమె నా వైపు చూడలేదు. "డబ్బా ఉంది గద బిడ్డ. నాతోని ఏం పని" అంది. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే నాకు బాగుండేది. ఇంత దూరం వచ్చి, ఇంతమందిమి పడి కూడా, ఆమె ఇంకా కాలనీ గ్రౌండులో వేసిన ఆ కుర్చీలోంచి లేవలేదు అనిపించింది.

అప్పుడు ఆ ఇంటి పెద్దావిడ లేచి, నేల మీదికి దిగి, బాక్స్ దగ్గర వంగి చూసింది. వెనకవైపు చూసింది. టీచరమ్మతో ఏదో అంది. టీచరమ్మ చెప్పడానికి కొంచెం తటపటాయించింది.

"మీకు పాట చెప్పే మనిషి ఈ పెట్టెలో ఉందా అని అడుగుతోంది. నేల ఎట్లా ఉందో ఆమెకు లోపలినుంచి కనబడదు కదా అంటోంది. కొంచెం బయటికి రమ్మనమంటోంది."

పాట పాడుతున్న ఆ డబ్బా కేసి అందరం చూశాం. నిజంగానే అందులో ఎవరో తలుపు వేసుకుని, మేము పడ్డది తెలియక, పాడుకుంటూ పోతున్నట్టుంది. ఎవరైనా జవాబు చెప్పాలి. నేను నోరు తెరిచేలోపు, నేల మీద కూలబడి ఉన్న మేడమ్ చెయ్యి చాపి బాక్స్ నోరు మూసింది. అదే చేత్తో చాప వైపు చూపించింది.

"పెట్టెల లేదు. ఆమె" అంది. తర్వాత గొంతు తగ్గించి, "ఆంటీ, నాకు మోకాలు మస్తు నొస్తాంది. జెర రాండ్రి" అంది.

మేడమ్ మీద నాకు చాలా ఫిర్యాదులు ఉన్నాయి, ఇంకా ఉంటాయి. కానీ ఆ క్షణంలో ఆమె వేలు ఎటు చూపించిందో నేను మర్చిపోను.

అత్తమ్మ కదల్లేదు. "ఇప్పుడు యాదికొచ్చిన్నా?" అంది.

"వచ్చిండ్రు" అంది మేడమ్.

పెద్దావిడ ఈ మాటలేవీ అర్థం కాకుండానే వచ్చి అత్తమ్మ మణికట్టు పట్టుకుంది. లాగలేదు, పట్టుకుని నిలబడింది. ముందు అత్తమ్మ మోకాళ్లు చాప మీదినుంచి లేచాయి, తర్వాత మిగతా మనిషి లేచింది. కొంగు నడుముకు దోపుకుని, చెప్పుల్లేని కాళ్లతో ఆ పలకల మీదికి దిగి, ఒకసారి బరువంతా కుడికాలి మీద వేసి, ఒకసారి ఎడమకాలి మీద వేసి చూసుకుంది. కూరగాయలమ్మి దగ్గర సొరకాయను గిల్లి చూసేటప్పుడు కూడా ఆమె మొహం అలాగే ఉంటుంది. తాతగారి ఒళ్లో ఉన్న ప్లాస్టిక్ బతుకమ్మను తేబోయిన ఒకావిడతో, "దాన్ని ఆడనే ఉండనీ, పెద్దమనిషి మంచిగ పట్టుకున్నడు" అంది. బయట పెరట్లో విచ్చుకున్న ఎర్రటి అడవి అల్లం పువ్వు ఒకటి తెమ్మని సైగ చేసి, దాన్ని నేల మధ్యలో ఉత్తగా పెట్టింది.

తర్వాత గొంతు సవరించుకుంది. మొదటి మాట పగిలిపోయింది. సగంలోనే ఆగింది. ఇక అయిపోయిందనుకున్నాను. ఆమె తల వంచి మా పాదాల కేసి చూసింది, మళ్లీ ఎత్తుకుంది.

"సికింద్రాబాదుల ఉయ్యాలో, సిన్నది నా గల్లి ఉయ్యాలో."

మేము అందుకున్నాం. సన్నగా, భయంగా అందుకున్నాం.

"రైలెక్కి నేనొస్తి ఉయ్యాలో, ఏరెంట నేనొస్తి ఉయ్యాలో."

అది ఏ పండగలోనూ నేను వినని పాట. అప్పటికప్పుడు అల్లుతోంది. నేల దిగేదాకా ఆగుతోంది, దిగాక మాట వేస్తోంది. అది లేస్తుంటే రాగాన్ని సాగదీసి పట్టుకుంటోంది. మా అడుగులు ఎప్పుడు కుదిరాయో తెలియదు, వంగితే నేల కూడా వంగుతోంది, లేస్తే అదే లేపుతోంది. పక్కావిడ వీపు నా తలకు తగలడం మానేసింది. మేడమ్ కూడా మోకాలి సంగతి మరిచి వలయంలోకి వచ్చి, ఒకసారి తొందరపడి ముందే వంగింది. అత్తమ్మ పాట ఆపలేదు, పాటలోనే అందించింది.

"మేడమూ మోకాలు ఉయ్యాలో, మెల్లంగ వంచాలె ఉయ్యాలో."

మేడమ్ కూడా "ఉయ్యాలో" అంది, అనక చస్తుందా. మెల్లంగ వంచింది కూడా.

అప్పుడు కింద గుభీమని పలికింది నేల. ఒకసారి, ఆ తర్వాత ప్రతి అడుగుకూ. గోడల వెంట నిలబడ్డ ఆ ఇంటివాళ్లు ఇక పళ్లు బిగించుకోలేదు, ఒక్కొక్కరుగా దిగి మా మధ్య మధ్యలో చేతులు పట్టుకున్నారు. వాళ్లకు వచ్చిన తెలుగు ఉయ్యాలో ఒక్కటే, అది మాకన్నా గట్టిగా అన్నారు. పెద్దావిడ అత్తమ్మ పక్కనే నిలబడి, ఆమెలాగే తల వంచి పాదాలు చూస్తూ, చరణం చివర తన భాషలో ఏదో ఒక కూత కలుపుతోంది. అత్తమ్మ దానికి కూడా చోటు వదులుతోంది. దండ అందుకోమని వాళ్లు పైకి చూపిస్తే మాలో ఒకరిద్దరు లేచారు. ఎంత ఎత్తు లేచామనుకున్నారో వాళ్లకే వదిలేస్తున్నాను, తర్వాత చూసిన వీడియోలో చీర కుచ్చిళ్లు కూడా సరిగ్గా లేవలేదు.

నాకు ఏడుపొచ్చింది. ఎగురుతూ ఏడవడం చాలా కష్టమైన పని, ఊపిరి రెండింటికీ సరిపోదు. మా ఇంట్లో కుక్కర్ పక్కన ఆగిపోయిన గొంతు ఇక్కడ నా ఎదురుగా నిలబడి నేలను ఊపుతోంది, నన్ను ఊపుతోంది. ఆమె మొహంలో సంతోషం లాంటిదేమీ లేదు. పనిలో ఉన్న మనిషి మొహం అది, ఎవరూ పలకరించకూడదు.

ఇక కాళ్లు మాట వినడం మానేశాయి. ఒకావిడ పక్కకు తప్పుకుని స్తంభం పట్టుకుంది. ఇంకొకావిడ నీళ్లని సైగ చేస్తోంది. టీచరమ్మ కూడా నడుం మీద చేతులు వేసుకుని రొప్పుతోంది. అత్తమ్మ ఒక్కతే చరణం మీద చరణం వేస్తోంది. పాటలోకి మల్కాజ్‌గిరి వచ్చింది, బొల్లారం వచ్చింది, సకినాలు వచ్చాయి, మైసమ్మ వచ్చింది, ఆ ఇంటి పెద్దావిడ పూసల రవిక వచ్చింది.

"అత్తమ్మా, ఇగ చాలు" అన్నాను.

ఆమె తల ఎత్తి మొదటిసారి నా కళ్లలోకి చూసింది. నేల దిగింది. దిగేదాకా ఆగి, మాట వేసింది.

"చాలన్నదెవ్వరే ఉయ్యాలో, సప్పుడు సెయ్యకుర్రి ఉయ్యాలో."

నేల లేచింది. నేనూ లేచాను. మేడమ్ నాకన్నా ముందే అందుకుంది.